రాత్రి ఎనిమిదింటి ఎండ

బత్తలపల్లి వాళ్లకు ఎండ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అనంతపురం–కదిరి రోడ్డు మీద వేసవిలో ఒంటిగంటకు బస్సు కోసం నిలబడ్డవాడెవడైనా ఆ సబ్జెక్టులో డాక్టరేటుకు అర్హుడే. అలాంటి మనకూ తెలియని ఎండ ఒకటి ఈమధ్య పుట్టుకొచ్చింది. అది రాత్రి ఎనిమిదింటికి కాస్తుంది. అదీ హైవేల పక్కన ఛార్జింగ్ స్టేషన్ల బోర్డుల మీదే. "నూరు శాతం సౌరశక్తి" అని ఆకుపచ్చ అక్షరాలు, పక్కన నవ్వుతున్న సూర్యుడు. ఆ బోర్డుకు వెలుగిచ్చేది మాత్రం కరెంటు స్తంభం.

రేపు బత్తలపల్లిలోనూ ఇలాంటిదొకటి వెలిసిందనుకోండి. రేకుల షెడ్డు మీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు. మంచి ఎండ కాస్తే రోజుకు ఇరవై యూనిట్లు, ఎవరైనా దుమ్ము తుడిస్తే. (తుడవరు.) కింద 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2025లో మొదలైన క్లావిస్ ఎలక్ట్రిక్ కారుకు చిన్న బ్యాటరీయే 42 యూనిట్లు. అంటే సూర్యుడు రెండు రోజులు చాకిరీ చేస్తే ఒక్క కారు కడుపు నిండుతుంది. ఛార్జరు పూర్తి వేగంతో పోస్తే రోజంతా పట్టిన ఎండ ఇరవై నిమిషాల్లో ఖాళీ. ఆ ఒక్క ఛార్జరును నిజంగా ఎండతోనే నడపాలంటే ఇంచుమించు పదిహేను సెంట్ల స్థలం నిండా ప్యానెళ్లు పరవాలి. అదీ మిట్టమధ్యాహ్నం, మబ్బు లేనప్పుడు.

ఇదంతా అడిగితే ఓనరు గారి దగ్గర జవాబు రెడీ. "మధ్యాహ్నం మేం గ్రిడ్డుకిస్తాం, రాత్రి వెనక్కి తీసుకుంటాం. ఏడాది లెక్కలో సరిపోతుంది సార్!" మధ్యాహ్నం మజ్జిగ పోసి రాత్రికి పాలు పట్టుకుపోయే బేరం ఇది. ఇటు కదిరి అవతల ఎన్‌పీ కుంట సోలార్ పార్కు ఉంది. అక్కడ ఎన్‌టీపీసీ 250 మెగావాట్లు 2016లోనే మొదలయ్యాయి. మధ్యాహ్నం అదీ పోస్తుంది, మిగతా పార్కులూ పోస్తాయి. కరవు పొద్దుగూకాక మొదలవుతుంది. అప్పుడు లోటు పూడ్చే బాధ్యత చాలావరకు ముద్దనూరు దగ్గరున్న 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటి వాటిదే. రాత్రి ఎనిమిదింటికి మీ కారు తాగే సూర్యుడు సింగరేణి నుంచి రైలెక్కి వచ్చాడన్నమాట.

ఇక "ఏఐ ఆధారిత స్మార్ట్ ఎనర్జీ మేనేజ్‌మెంట్" అనే అద్భుతం. రెండో కారుకు ఛార్జింగ్ గన్ను తగిలించగానే మొదటి కారు వేగం సగానికి పడిపోతుంది. బ్రోచరులో దీని పేరు డైనమిక్ లోడ్ షేరింగ్. మనం లోవోల్టేజీ అనేవాళ్లం.

నిజమైన మేనేజ్‌మెంట్ చూడాలంటే పొలం గట్టుకెళ్లండి. ఒకప్పుడు అర్ధరాత్రి త్రీఫేజు వచ్చేది. రైతు టార్చిలైటు పట్టుకుని, పాముకు భయపడుతూ బోరు మోటరు ఆన్ చేసేవాడు. ఇప్పుడు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు. కరెంటు ఎప్పుడు పుడుతుందో అప్పుడే వాడటం, అసలు సూత్రమంతా అంతే. చెనిక్కాయ రైతుకు కుదిరింది, లక్షల కారుకు ఎందుకు కుదరదు? కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో చెప్పింది కూడా ఇదే. ఛార్జింగ్ స్టేషన్లకిచ్చే కరెంటు ధర ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 0.7 రెట్లు, మిగతా వేళల్లో 1.3 రెట్లు ఉండాలని మార్గదర్శకం. దాదాపు సగానికి సగం తేడా. ఆ తేడా ఓనరు జేబులోనే ఆగిపోయి, కారాయనకు పగలూ రాత్రీ ఒకే రేటు పడితే, ఆయన మధ్యాహ్నం ఎందుకొస్తాడు, వడదెబ్బకా?

మధ్యాహ్నపు కరెంటును పెద్ద బ్యాటరీలో దాచి సాయంత్రం అమ్మే స్టేషనుంటే దానికి దండం పెడతాను. ఆషాఢం గాలికి రామగిరి కొండల మీద గాలిమరలు జోరుగా తిరిగే రాత్రుల్లో రేటు తగ్గించే స్టేషనుంటే ఇంకో దండం. అలాంటి చోట సూర్యుడి బొమ్మ లేకపోయినా ఫరవాలేదు.

కారున్న అన్నలకూ అక్కలకూ ఒక్క మనవి. గన్ను తగిలించే ముందు రెండే అడగండి: నిన్న మీ ప్యానెళ్లు ఎన్ని యూనిట్లిచ్చాయి, మీరు ఎన్ని యూనిట్లమ్మారు? పగటి రేటెంత, రాత్రి రేటెంత? జవాబు చెప్పలేకపోతే కరెంటుకు డబ్బులివ్వండి, ఎండకు ఇవ్వకండి.