గాలిమిషను గ్రహచారము

1970 వఱకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశం జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను ఉండి, అంగుళమైనను కదలకయే మూడు జిల్లాలు తిరిగిన ఘనత మా పర్చూరునకు కలదు. ఉన్నచోటనే ఉండి ఇంత సంచారము చేయుటలో దానితో పోటీపడగలది పంక్చరు షాపులోని గాలిమిషను ఒక్కటియే. పత్తి లారీలును, గుంటూరు యార్డునకు మిరప టిక్కీలు మోయు ట్రాక్టర్లును, చీరాల పోవు మోటారుసైకిళ్లును దాని ఊపిరితోనే నడచుచున్నవని తెలిసియు, అది పనిచేయుచున్నంతకాలము దానివంక కన్నెత్తి చూచువాడు లేడు. అది ఆగిననాడు మాత్రము, టైరు విప్పించుకొని బల్లపై కూర్చున్న ప్రతి పురుషుడును ధన్వంతరి యగును.

మోటారు "హూ" అని మూలుగుచు తిరుగకున్నచో, "కండెన్సర్ పోయిందయ్యా, మార్చెయ్" అని ఆ వైద్యులందఱు ఏకకంఠముగ తీర్మానింతురు. కండెన్సరు పోవుట కలదు; కాదనను. కాని మాఘ ఫాల్గుణములలో పొలములందలి మోటార్లన్నియు ఒక్కసారిగా నీరు తోడుచుండ, బజారులోని బల్బు వెలిగినదో లేదో దానికే తెలియని వేళ, దోషము కండెన్సరుది కాదు, వోల్టేజిది.

మూడవ కారణము మిక్కిలి సూక్ష్మము. ట్యాంకు నిండి మోటారు ఆగగానే, ప్రెజర్ స్విచ్చి పక్కనున్న చిన్న వాల్వు "ఉస్సు"మని, పిస్టనుపై చిక్కిన గాలిని వెలుపలికి వదలును. అట్లు బరువు దింపుకొనుటచే మరల లేచుట దానికి సులువగును. ఈ నిట్టూర్పు ఆరోగ్యలక్షణమని యెఱుగక, మొన్నటి పత్తి సీజనులో ఒక పెద్దాయన, "ఏందిరా అబ్బయ్యా, గాలి కారిపోతంటే చూస్తా కూర్చున్నావా?" అని గద్దించి, పాత ట్యూబుముక్క తెప్పించి, ఆ రంధ్రమునకు దగ్గఱనుండి కట్టు కట్టించెను. షాపు కుఱ్ఱవాడు వయస్సునకు గౌరవమిచ్చెను. మిషను ఈయలేదు, మరుసటి పర్యాయము లేవలేక మూలిగి, ఫ్యూజును కూడ గొనిపోయెను. "నే జెప్పలా, కండెన్సరని!" అని ఆ పెద్దాయనయే విజయగర్వముతో పలికెను. ఆ ఉస్సు క్షణములో ఆగక సాగుచునే యున్నచో మాత్రము, ట్యాంకు ముఖమందలి నాన్‌రిటర్న్ వాల్వులో చెత్త చేరినదని గ్రహింపవలెను.

గాలి ఎక్కుట ఆలస్యమైనచో మొదట చూడవలసినది ఫిల్టరు. అది విప్పిన చాలును, మా సీమలో ఏ పంట కాలమో పంచాంగము లేకయే తెలియును: శీతకాలమున దూదిపింజలు, వేసవిలో మిరపదుమ్ము. కల్లములలో కాయలు తిరుగబోయు దినములలో మా ఊర గాలి కొట్టించుకొన్న టైరును ఒంగోలులో విప్పిన మేస్త్రీకి తుమ్ము తప్పదని మావారు చెప్పుకొందురు, కొంత అతిశయోక్తి. ఫిల్టరు శుభ్రమైనను ఫలము లేకున్నచో బెల్టు వదులైనదేమో చూచి, అతుకులకు సబ్బునురుగు పూయవలెను. బుడగ లేచిన చోట దొంగ దొరకును. గాలితోపాటు ఆయిలు చిమ్ముచున్నచో రింగులు అరిగినవి. అది మేస్త్రీ పని, బల్లమీదివారిది కాదు.

అన్నిటికన్న అనాదరమునకు పాత్రమైనది ట్యాంకు అడుగున నుండు డ్రెయిన్ కాకు. గాలిని నొక్కినకొలది దాని పరిమాణము తగ్గునని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించెను. చీరాల సముద్రపుగాలిని 120 పౌన్ల వద్దకు, అనగా సుమారు తొమ్మిదవ వంతునకు నొక్కినచో అందలి చెమ్మ చల్లారి నీరగునన్న సంగతిని మాత్రము మాకు ఈ కాకే బోధించినది. విప్పినప్పుడు వచ్చునది తుప్పురంగు నీరు. అది టైరులోనికి పోవుట అటుండ, ఇనుమును లోపలినుండి తినివేయును. పైన రంగు నిగనిగలాడుచుండగనే రేకు పలుచబడును. అట్టి ట్యాంకుమీద, "గాలి వృథా అవుతంద"ని సేఫ్టీ వాల్వును తీగతో బిగించు మేధావులును కలరు. వారి తెలివికి మ్రొక్కి, దూరముగ నిలుచుట మేలు.

కావున షాపులవారికి నా విన్నపము: రాత్రి షట్టరు దించుటకు ముందు కరెంటు ఆపి, కాకు విప్పి నీరు పోనిండు, సేఫ్టీ వాల్వు జోలికి పోకుడు, ఇక కండెన్సరు కొనుటకు చిలకలూరిపేట బస్సెక్కు ముందు, ఏ పెద్దాయనయైనను ఎక్కడనైన ట్యూబుముక్క కట్టిపోయెనేమో ఒకమారు చూచుకొనుడు.