‘నిల్’ అని రాయవలెను

సైబరాబాద్‌లో నర్సులకు దెబ్బలు తగలవు, కనీసం కాగితం మీద. ఇందులో చట్టం పాత్ర కొంత ఉంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వ్యర్థాల లారీ బోల్తా పడితే అది పెద్ద ప్రమాదం. సూది గుచ్చుకోవడం మాత్రం కాదని అందులో ప్రత్యేకంగా మినహాయించారు. ఇలాంటి చిన్నాచితకా సంగతులు వార్షిక నివేదికలో చెబితే చాలు. ఏమీ జరగలేదంటే ‘నిల్’ అని రాయాలి. నివేదిక మొత్తంలో రాయడానికి అంత సులువైన మాట మరొకటి లేదు.

సూది గుచ్చుకునే విధానం ఇది. కేంద్ర స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ లెక్కన సాధారణ వార్డులో 6 పడకలకు ఒక నర్సు ఉండాలి. నైట్ డ్యూటీలో ఆ లెక్క కూడా నిద్రపోతుంది. ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది!’ అని మూడు గదుల్లోంచి ఒకేసారి కేక. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదని గోడ మీద బొమ్మ ఉంటుంది. సూదులు వేసే తెల్ల డబ్బా మాత్రం నర్సింగ్ స్టేషన్ దగ్గరే. చేతిలో సూదితో అంతదూరం ఉరకడం కన్నా మూత పెట్టడమే నయమనిపిస్తుంది. మూత తప్పి సూది ఎడమ బొటనవేల్లో దిగుతుంది. గ్లవ్ లోపల ఎర్ర చుక్క.

ఆ రక్తం హెచ్‌ఐవీ రోగిదైతే వ్యాధి సోకే అవకాశం సుమారు వెయ్యికి 3. హెపటైటిస్-బి రోగిదైతే, టీకా వేయించుకోని నర్సుకు నూటికి 6 నుంచి 30. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పరిపాలనా విభాగం దగ్గర ఇంతకన్నా చవకైన మందుంది: ‘చూసుకోవద్దామ్మా?’ ఒక్క డోసు చాలు. ఆమె మరోసారి ప్రమాదం నమోదు చేసే ఫారం అడగదు.

నడుము సంగతి సూదికన్నా నిశ్శబ్దం. రోగిని చేత్తో ఎత్తడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు. హైటెక్ సిటీలో ఎనభై కిలోల టెక్కీకి ఆఫీసులో నడుము నొయ్యని కుర్చీ ఉంటుంది. సర్జరీ అయ్యాక అదే టెక్కీని ఇద్దరు సిస్టర్లు దుప్పటి పట్టుకుని పైకి లాగుతారు. స్పైన్ సెంటర్ బోర్డు కిందే బెల్టు బిగించుకుని డ్యూటీ చేస్తారు.

ఏటా మే 12న, నర్సుల దినోత్సవం నాడు మాత్రం నర్సు దేవత. దేవతలకు హెపటైటిస్ టీకా, సెలవు, పరిహారం అక్కర్లేదు. కొవ్వొత్తి, కేకు సరిపోతాయి. ఆ కేకు డబ్బుతో మంచానికో తెల్ల డబ్బా వస్తుంది. యాజమాన్యాలు ముందు అవి కొనాలి.