నాలుగు గంటల భరోసా

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన. ఎందరో తెలంగాణ పద్మశాలీల్లాగే మగ్గం పనికని సిరిసిల్ల నుంచి వచ్చి, లింబాయత్‌లో కిరాయి గదిలో కాపురం పెట్టి, సొంత దుకాణం దాకా ఎదిగాడు. లెక్కలకు, మెయిళ్లకు సర్వర్ కొనే పని మేనల్లుడికి అప్పజెప్పాడు.

మేనల్లుడు మహా జాగ్రత్తపరుడు. పవర్ సప్లయ్‌లు రెండు, వాటికి వేర్వేరు యూపీఎస్‌లు. డిస్కులు రెండు, ఒకదానికొకటి నకలు. అవి కూడా ఒకే లాట్‌వి వద్దని పట్టుబట్టాడు.

"ఒకే లాట్ అయితే ఏమైతదిరా?"

"ఒక్కతీరుగ పుట్టినయి ఒక్కసారే పోవచ్చు మామా."

ఉత్తమాట కాదు. కొన్ని ఎస్‌ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ లోపం వల్ల 32,768 గంటలు నడవగానే, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు ఆగిపోతాయని 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజే హెచ్చరించింది. ఒకే పూట బిగించిన జత ఒకే పూట పోతే నకలు ఉండి ఏం లాభం?

అన్నిటికన్నా గట్టిగా బేరమాడింది సపోర్ట్ కాంట్రాక్టు దగ్గర. నాలుగు గంటల్లో మనిషి వస్తాడనడం వేరు, నాలుగు గంటల్లో బాగుచేసి ఇస్తామనడం వేరు. ఈ తేడా చూడకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. మేనల్లుడు రెండోదే, రాత్రింబగళ్లూ పలికేదే తీసుకున్నాడు. మామ బిల్లు చూసి నోరెళ్లబెట్టాడు.

"గీ డబ్బాకు గిన్ని పైసలా?"

"డబ్బాకు కాదు మామా, భరోసాకు. సీజన్ల ఒక్కరోజు ఆగితె ఎంత పోతదో నువ్వే లెక్కేసుకో."

మామ లెక్కేసుకుని సంతకం పెట్టాడు.

బతుకమ్మ, దసరా సీజన్. హైదరాబాద్, వరంగల్ దుకాణాలకు వెళ్లాల్సిన పార్సిళ్లు కట్టి గోడవారన పేర్చి ఉన్న రోజు సర్వర్ చచ్చింది. రెండేసి ఉన్నవన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఒక్కటే ఉన్న మదర్‌బోర్డు పోయింది. ఇన్‌వాయిస్ లేదు, ఈ-వే బిల్లు లేదు. అవి లేనిదే ట్రాన్స్‌పోర్టువాళ్లు పార్సిల్ ముట్టుకోరు.

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే చాలా మర్యాదగా కేసు నంబరు ఇచ్చారు.

"మెయిల్ పంపాం సార్. అందులో అడిగిన వివరాలతో జవాబివ్వండి, పని మొదలుపెడతాం."

ఆ మెయిల్ వచ్చేది దుకాణం ఐడీకి. ఆ ఐడీ ఉన్నది చచ్చిన సర్వర్‌లో.

"వేరే ఐడీకి పంపండి."

"రిజిస్టరైన ఐడీకే పంపాలి సార్."

"అయితే ఐడీ మార్చండి."

"తప్పకుండా మారుస్తాం సార్. పాత ఐడీ నుంచి ఒక్క మెయిల్ పెట్టండి చాలు."

రాత్రి మళ్లీ చేస్తే ఇంకో గొంతు. ప్లగ్గు సరిగ్గా పెట్టారా అనే దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

మూడో రోజు మామే లేచాడు. "మగ్గానికి పిక్కర్ పోతె కంపెనోని కోసం కూసుంటమారా? నడువ్." తెల్లవారుజామున ఇద్దరూ ఫ్లయింగ్ రాణి ఎక్కి ముంబయి వెళ్లారు. లామింగ్టన్ రోడ్డు దుకాణాలన్నీ గాలించి, అదే మోడల్ పాత సర్వర్‌లోంచి విప్పిన బోర్డు ఒకటి పట్టుకొచ్చారు. రాత్రికి బిగించారు. సర్వర్ లేచింది.

అన్నాళ్లూ బయటే ఆగిన మెయిళ్లు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. సపోర్ట్‌వాళ్లవి నాలుగు. మొదటిది, వివరాలు పంపమని. రెండోది, ఇంకా పంపలేదని. మూడోది, కస్టమర్ నుంచి జవాబు లేదు కాబట్టి కేసు మూసేశామని.

నాలుగోది నివేదిక. కస్టమర్ జవాబు కోసం తాము ఎదురుచూసిన సమయం లెక్కలోకి రాదట. అది తీసేయగా రాసిన లెక్క ఇది:

"ఒప్పందం ప్రకారం గడువు: 4 గంటలు. మాకు పట్టిన సమయం: 40 నిమిషాలు."