ముందు బందులు కొనండి, తర్వాతే గోడ లేపండి

ఇల్లు కట్టేవాళ్ళు సింహద్వారం గురించి పడే తపన అంతా ఇంతా కాదు. బర్మా టేకా, నాటు టేకా అని వారాల తరబడి ఆలోచిస్తారు. మీద లక్ష్మీదేవిని చెక్కించాలా, ఏనుగుల్ని చెక్కించాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారు. తలుపును తిప్పే బందుల (హింజెస్) సంగతి వచ్చేసరికి మాత్రం వడ్రంగి చేతిలో నోటు పెట్టి "ఏవో ఒకటి పట్రావయ్యా" అంటారు. ఈ వరస తలకిందులు కావాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఎంతవరకు తెరుచుకుంటుందో, తెరిచాక ఎక్కడ నిలబడుతుందో నిర్ణయించేది బందు. గుమ్మంలో మనిషికి ఎంత దారి మిగులుతుందో తేల్చేదీ అదే. గుమ్మం ఉన్నది నడవడానికి. తెరిచిన తలుపు ఆ దారిలో అంగుళం కూడా ఆక్రమించకూడదన్నది నా పట్టుదల.

కింది సలహాలు మీ మేస్త్రీకి నచ్చవు. ఇంట్లో పెద్దవాళ్ళకి కొన్ని నచ్చవు. అయినా పాటించండి.

1. పునాది తీయకముందే బందులు కొని ఇంట్లో పెట్టుకోండి

తొందరేముంది, తలుపులు బిగించే రోజు తెచ్చుకోవచ్చు అంటారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. తొమ్మిది అంగుళాల గోడలో ద్వారబంధాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడం చాలామంది మేస్త్రీలకు అలవాటు. నాలుగంగుళాల చెక్క పోగా అటూ ఇటూ రెండున్నర అంగుళాల గోడ మిగులుతుంది. తలుపు తెరుచుకునే వైపు ఆ రెండున్నర అంగుళాలే దాని దారికి అడ్డం. రెక్క గోడ మూలకు తగిలి, కాస్త అటూ ఇటుగా 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఇక జీవితాంతం అది గుమ్మం పక్కన అడ్డంగా నిలబడే ఉంటుంది.

ద్వారబంధాన్ని తలుపు తెరుచుకునే వైపు గోడ అంచుకు, ప్లాస్టరింగ్‌తో సమానంగా వచ్చేలా నిలబెట్టించండి. అప్పుడు మామూలు బందుతో కూడా తలుపు దాదాపు 180 డిగ్రీలు తిరిగి గోడకు ఆనుకుంటుంది. చుట్టూ బీడింగు కొట్టించేటట్టయితే పార్లమెంట్ హింజ్ అడగండి. దాని రేకులు పొడుగ్గా ఉండి, పిన్ను ఉండే గొట్టం తలుపు ముఖానికి బాగా బయటికి వస్తుంది. అందువల్ల రెక్క బీడింగును దాటుకుని వెనక్కి వెళ్తుంది. ఇదేదో విదేశీ వింత అనుకోకండి. మన భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 362 పేరుతో దీనికో ప్రమాణమే పెట్టింది. గొట్టం ఎంత బయటికి ఉండాలో ముందే తెలిస్తేనే ద్వారబంధం ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది. అందుకే బందు ముందు, గోడ తర్వాత.

రెక్క వెళ్ళి ఆనుకునే గోడను కూడా ఇప్పుడే ఖాళీగా ఉంచండి. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డును సరిగ్గా అక్కడే పెడతాడు. పెట్టనివ్వకండి. తలుపు వెనక స్విచ్ ఉంటే, లైటు వేయాలన్న ప్రతిసారీ తలుపు మళ్ళీ గుమ్మంలోకే వస్తుంది.

2. "మూడడుగుల తలుపు" అన్న మాట నమ్మకండి

మూడడుగులు అనేది ద్వారబంధం బయటి కొలత. రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున చెక్క పోతే మిగిలేది 31 అంగుళాలు. తలుపును 90 డిగ్రీలు తెరిచి చూడండి. మామూలు బందు మీద నిలబడ్డ రెక్క మందంలో కొంత ద్వారబంధం గాడిలో దాగుతుంది, మిగతాది గుమ్మంలోకి చొచ్చుకొస్తుంది. అందులో ఇంకో అంగుళం పోతుంది. అంటే మీరు డబ్బు కట్టింది 36 అంగుళాలకు, నడిచేది 30 అంగుళాల్లో. ఆపైన గడియలు, హ్యాండిల్ కూడా అందులోనే ఉంటాయి.

ఇప్పుడు బాత్రూం చూడండి. దానికి రెండున్నర అడుగులు చాలంటారు. అదే లెక్కన మిగిలేది 24 అంగుళాలు. పెద్దవాళ్ళు వాడే మామూలు చక్రాల కుర్చీ చాలావరకు 25, 26 అంగుళాల వెడల్పు ఉంటుంది. చక్రం తిప్పే చేతివేళ్ళకు అదనంగా చోటు కావాలి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషిని ఆ గుమ్మం దగ్గర కుర్చీలోంచి దించి, ఇద్దరు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాల్సి వస్తుంది.

అమెరికాలో వికలాంగుల చట్టం కింద పెట్టిన ప్రమాణం తలుపు తెరిచాక 32 అంగుళాలు ఖాళీగా ఉండాలంటుంది. కొలిచేది చెక్క నుంచి చెక్కకు కాదు, 90 డిగ్రీలు తెరిచిన రెక్క ముఖం నుంచి అవతలి అంచుకు. మన దేశపు 2021 సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు 900 మిల్లీమీటర్లు అడుగుతున్నాయి. అంటే సుమారు 35న్నర అంగుళాలు. పై లెక్క ప్రకారం అంత ఖాళీ రావాలంటే ద్వారబంధం మూడున్నర అడుగులుండాలి. కాబట్టి వడ్రంగికి ద్వారబంధం కొలత చెప్పడం మానేసి, తెరిచాక మిగలాల్సిన ఖాళీ చెప్పండి. మిగతా లెక్క అతనే వేసుకుంటాడు.

3. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆఫ్‌సెట్ బందులు వేయించండి

"మా ఇంట్లో చక్రాల కుర్చీ వాడేవాళ్ళు లేరండీ" అంటారు. ఉన్న రోజున వడ్రంగిని వెతుక్కునే తీరిక మీకుండదు.

ఆఫ్‌సెట్ బందునే స్వింగ్ క్లియర్ హింజ్ అని కూడా అంటారు. మామూలు బందు రెండు రేకులూ బల్లపరుపుగా ఉంటాయి. దీని రేకులు మాత్రం ఎల్ ఆకారంలో వంగి ఉంటాయి. తలుపు తిరిగే ఇరుసును ఈ వంపు గుమ్మం నుంచి పక్కకు జరుపుతుంది. అందువల్ల 90 డిగ్రీలకు కాస్త దాటి తెరిచేసరికి రెక్క మందం మొత్తం గుమ్మంలోంచి తప్పుకుంటుంది. గోడ పగలగొట్టకుండా, ద్వారబంధం కదపకుండా, పాత తలుపుతోనే గుమ్మం అంగుళం నుంచి అంగుళమున్నర దాకా పెరుగుతుంది. ఉన్న ఇంట్లో ఇంత తక్కువ ఖర్చుతో దారి పెంచే పని ఇంకోటి లేదు.

ఇరుసు పక్కకు జరిగింది కాబట్టి తలుపు బరువు మరికాస్త దూరంగా వేలాడుతుంది. ఏడడుగుల టేకు తలుపు 40 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువంతా పై బందును ద్వారబంధంలోంచి పీకడానికే చూస్తుంది. మూడు చాలంటారు గానీ నాలుగు బందులు వేయించండి. ఆ నాలుగోది పై బందుకు దగ్గరగా ఉండాలి.

4. స్క్రూని సుత్తితో కొడితే పని అక్కడికక్కడే ఆపించండి

మొహమాటపడకండి. మన దగ్గర ఇది ఇల్లిల్లూ తిరిగే దోషం. స్క్రూని బందు చిల్లులో నిలబెట్టి సుత్తితో మూడు దెబ్బలు కొడతారు, చివరి రెండు చుట్లు మాత్రం స్క్రూడ్రైవర్‌తో తిప్పుతారు. పైకి అంతా చక్కగా కనిపిస్తుంది. లోపల మరలు పట్టాల్సిన చెక్క నలిగి పీచుపీచు అయిపోయి ఉంటుంది. కొన్ని నెలలకే పై బందు వదులై, తలుపు కింది మూల నేలను గీకడం మొదలవుతుంది. నేలను గీకే తలుపును ఎవరూ పూర్తిగా తెరవరు. అలా సగం తెరిచిన రెక్క గుమ్మంలోనే ఉండిపోతుంది.

ముందు స్క్రూ కన్నా సన్నగా డ్రిల్లుతో చిల్లు వేయాలి. మరలకు కాస్త సబ్బు రాయాలి. మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా తిప్పే బిగించాలి. వడ్రంగి కూలి ఇంకో పూట పెరిగినా సంతోషంగా ఇవ్వండి.

5. బాత్రూం తలుపును బయటికి తిప్పండి

బాత్రూం తలుపు లోపలికే తెరుచుకోవాలని ఎవరు చెప్పినా వినకండి. నాలుగడుగులకు ఏడడుగుల బాత్రూంలో జారిపడ్డ మనిషి పడేది తలుపు వెనకే. ఆ దేహాన్ని నెట్టకుండా తలుపు తెరుచుకోదు, నెడితే విరిగిన ఎముక మరింత చెడుతుంది. బయటికి తెరుచుకునే తలుపుకు ఆ బాధ లేదు. దానికి బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే గడియ కూడా పెట్టించండి.

తడి తలుపు బయటికి వస్తే నీళ్ళు కారతాయంటారు. నేల మీద పడ్డ నాలుగు చుక్కలు తుడుచుకోవచ్చు. వసారాలోకి అడ్డం వస్తుందంటారు. పార్లమెంట్ హింజ్ వేసి, గోడకు అయస్కాంతపు పట్టు పెడితే రెక్క పూర్తిగా వెనక్కి వెళ్ళి అక్కడే ఉంటుంది.

6. లోపలి గదుల గడపలన్నీ తీసేయండి

ఇది చెబితే కోపం వస్తుందని తెలుసు. సింహద్వారం గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పండగకు గుమ్మం పైన మామిడాకులు కట్టే ఇళ్ళే మనవి. ఆ గడపను కూడా ఎత్తుగా ఉంచనక్కర్లేదు. నేలతో సమానంగా రాతి పట్టీ వేయించండి. పసుపు దానికీ పడుతుంది, ముగ్గు దానిమీదా నిలుస్తుంది. వాకరుతో నడిచే నాయనమ్మ పాదానికి మాత్రం అది తగలదు.

గడప తీశాక తలుపు కింద కాళ్ళు తుడుచుకునే పట్టా నలుగుతుందంటారు. దానికీ మందు బందులోనే ఉంది. రైజింగ్ బట్ అనే బందు గొట్టం ఏటవాలుగా కోసి ఉంటుంది. తలుపు తెరుచుకునే కొద్దీ కాస్త పైకి లేచి, పట్టా మీదుగా తిరుగుతుంది. వదిలేస్తే తన బరువుకు తానే మూసుకుంటుంది.

7. ఒంటి రెక్క తలుపు మానేయండి

మూడడుగుల రెక్క పావు వృత్తం తిరుగుతుంది. ఆ పావు వృత్తం వైశాల్యం ఏడు చదరపు అడుగులు. అక్కడ మంచం పెట్టలేరు, కుర్చీ వేయలేరు. ఒకటిన్నర అడుగుల రెక్కలు రెండు పెడితే అదే మూడున్నర చదరపు అడుగులకు తగ్గుతుంది. తలుపులు ఏడుంటే పాతిక చదరపు అడుగుల దాకా నేల మీకు దక్కుతుంది. ఫ్లాట్లు చదరపు అడుగు లెక్కన కొనుక్కునే ఈ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. మండువా లోగిళ్ళలో రెండు రెక్కల తలుపులు ఉండేవి. వాటిని పాతకాలపువని వదిలేసి మనం నష్టపోయాం.

8. గది తలుపు కన్నా అలమరా తలుపుకు ఖరీదైన బందు వేయించండి

అలమరాలో, వంటింటి క్యాబినెట్లలో తలుపు వెనక సొరుగులు పెట్టించుకుంటాం. వాటికి వాడే కప్ హింజ్ కోసం తలుపులో 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట తవ్వుతారు. మామూలు రకం వేస్తే, తెరిచిన తలుపు మందం సొరుగు దారిలోకి వస్తుంది. సొరుగు లాగిన ప్రతిసారీ తలుపు అంచును గీసుకుంటూ వస్తుంది. చివరికి సొరుగునే చిన్నది చేయిస్తారు. అలా చేయకండి. 155 నుంచి 170 డిగ్రీలు తెరుచుకునే రకంలో, తలుపు లోపలికి చొచ్చుకురాని జీరో ప్రొట్రూషన్ హింజ్ అని అడిగి తీసుకోండి. సొరుగు పూర్తి వెడల్పు మీకే మిగులుతుంది.

9. ఫంక్షన్ హాలు బందులు చూడనిదే ముహూర్తం పెట్టుకోకండి

భోజనాలు, ఏసీ, పార్కింగ్ తర్వాత అడగండి. ముందు తలుపుల దగ్గరికి వెళ్ళి, బందులు ఏ వైపున్నాయో, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. అది ప్రాణాల మీదికొచ్చే సంగతి. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండ్‌లో, విక్టోరియా హాల్ అనే చోట పిల్లల ప్రదర్శన జరిగింది. చివర్లో బహుమతులిస్తున్నారని తెలిసి, పైన కూర్చున్న పిల్లలు మెట్ల మీదుగా కిందికి పరిగెత్తారు. మెట్ల కింద తలుపు పిల్లలు వచ్చే వైపుకే తెరుచుకునేది. పైగా ఒక్కొక్కరే వెళ్ళేలా కాస్త సందు వదిలి గడియ వేసి ఉంచారు. వెనకవాళ్ళ తోపులాటలో ఆ తలుపు తెరవడం ఎవరివల్లా కాలేదు. 183 మంది పిల్లలు చనిపోయారు. బయటికి నెడితే చాలు తెరుచుకునే పుష్ బార్ ఆ తర్వాతే పుట్టింది.

మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా బయటికి వెళ్ళే తలుపులు బయటికే తెరుచుకోవాలంటుంది. తెరిచిన తలుపు వల్ల మెట్ల దారి 900 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదంటుంది. హాలు యజమాని ముందే తలుపు తెరిపించి టేపుతో కొలవండి. లోపలికి తెరుచుకుంటే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి. పెళ్ళి ఇంకో హాల్లో జరుగుతుంది.

10. అన్నీ అయ్యాక, ఆ తలుపు అసలు కావాలా అని అడగండి

గ్యాస్ బండ అడ్డం పెట్టి ఎప్పుడూ తెరిచే ఉంచే వంటింటి తలుపు మీ ఇంట్లో ఉంటే, దాని బందులు విప్పించి తలుపు అటక ఎక్కించండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు లిఫ్ట్ ఆఫ్ హింజెస్ వేయించుకోండి. తెరిచిన తలుపును పైకి ఎత్తితే పిన్నుల మీంచి ఊడి వస్తుంది. బీరువా, ఫ్రిజ్ దించే రోజు తలుపులన్నీ ఎత్తి పక్కన పెట్టవచ్చు.

ఈ పదింట్లో ఒక్కటే చేయగలిగితే బాత్రూం తలుపుతో మొదలుపెట్టండి. ఈ సాయంత్రమే దాన్ని 90 డిగ్రీలు తెరిచి, రెక్క ముఖం నుంచి అవతలి చెక్క దాకా టేపు పెట్టి కొలవండి. వచ్చిన అంకెను గోడ మీద పెన్సిల్‌తో రాయండి. 32 అంగుళాల కన్నా తక్కువైతే, దీపావళికి రంగులు వేయించాలని దాచిన డబ్బు ముందు ఆ గుమ్మానికే ఖర్చు పెట్టండి.