ముంబై వెళ్ళొచ్చేంత కునుకు

ఆన్‌లైన్ ఆటలో చచ్చినవాడు ఏనాడూ తన తప్పు వల్ల చావడు. తప్పు నెట్‌ది. నెట్ బాగుంటే పింగ్‌ది, పింగ్ కూడా బాగుంటే ఊరిది. గమ్హరియా లాంటి చోట ఈ వాదనకు భూగోళశాస్త్రం కూడా వచ్చి సాక్ష్యం చెబుతుంది. జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్ మీదుగా వెళితే వచ్చే ఈ ఫ్యాక్టరీల ఊరు హౌరా–నాగపూర్–ముంబై రైలుమార్గం మీద ఉంది. ఆట సర్వర్లేమో ముంబైలో కొలువుంటాయి. పట్టాల లెక్కన మధ్య దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. అంత దూరాన కూర్చుని గురిపెడితే తూటా ఆలస్యంగా తగలడం దూరం తప్పు కాక ఇంకెవరి తప్పు అని కుర్రాళ్ళు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది, కానీ పూర్తి న్యాయం లేదు. దూరం నెత్తిన మనం రుద్దుతున్న నేరంలో చెప్పుకోదగ్గ వాటా సర్వర్ లోపలి గడియారానికి దక్కాలని నా వాదన. చాలా సర్వర్లు పని చేతకాక చెడవు, వేళకు మెలకువ రాక చెడతాయి.

లెక్క చూద్దాం. గాజుపోగులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. 1,700 కిలోమీటర్లు పోవడానికి ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు, రావడానికి మరో ఎనిమిదిన్నర, వెరసి 17. నిజం కేబుళ్ళు ఇంత తిన్నగా పోవు, దారిలో రూటర్లు కూడా తమ వంతు పుచ్చుకుంటాయి కాబట్టి తెరమీద కనిపించే పింగ్, అంటే రానుపోను ఆలస్యం, ఇంతకన్నా ఎక్కువే. అయినా పట్టాల వెంట పోతే ప్రకృతి వసూలు చేసే కనీస ఛార్జీ ఈ 17. ఇప్పుడు సర్వర్ వైపు చూడండి. విండోస్ గడియారం, ఎవరూ కదిలించకపోతే, సెకనుకు 64 సార్లు కొట్టుకుంటుంది. అంటే 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి. ఏదైనా ప్రోగ్రాం "ఒక్క మిల్లీసెకను పడుకుంటాను, లేపు" అని అడిగి కన్ను మూస్తే, గడియారం మళ్ళీ కొట్టుకునే దాకా లేపే దిక్కు లేదు. అడిగింది ఒకటి, పట్టేది పదిహేను దాకా. గమ్హరియా నుంచి బయల్దేరిన వెలుగు ముంబై వెళ్ళి తిరిగి ఇల్లు చేరడానికి ఎంత పడుతుందో, ఇంచుమించు అంతసేపు ముంబైలోని సర్వర్ ఒక్క కునుకు తీయగలదు. తిట్లు మాత్రం పాపం ఆ వెలుగుకే.

ఎ, బి, సి షిఫ్టుల లెక్కలో బతికే ఊరికి ఇది అర్థం కావడం కష్టం కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి లేపమని చెప్పి పడుకున్నవాణ్ణి రెండింటి షిఫ్టు సైరనే లేపితే వాడి పని ఏమవుతుందో, నిద్ర అడిగిన ప్రోగ్రాం పనీ అదే అవుతుంది. మరి ఆ సర్వర్ అసలు పడుకోవడం ఎందుకు అనవచ్చు. ఆట సర్వర్ చేసేది ఒకే పని, పదే పదే. ఆటగాళ్ళ నుంచి వచ్చిన కదలికలు అందుకోవాలి, ఎవడు ఎక్కడున్నాడో, ఎవడి తూటా ఎవడికి తగిలిందో తేల్చాలి, ఆ తీర్పు అందరికీ పంపాలి. ఈ చుట్టును టిక్కు అంటారు. 2020లో వచ్చిన వాలరెంట్ అనే ఆట సెకనుకు 128 టిక్కులు పెట్టుకుంది. అంటే ఒక్కో చుట్టుకు 7.8 మిల్లీసెకన్లు. ఒక ప్రాసెసర్ కోరు మీద మూడు ఆటలు ఇమడాలి కాబట్టి, ఒక ఆట తాలూకు చుట్టు 2.34 మిల్లీసెకన్లలో ముగియాలని దాని ఇంజనీర్లు గిరి గీసుకున్నారు. మిగతా వేళంతా ఆ ఆటకు విరామమే. అలాంటి ఆటను కదిలించని విండోస్ గడియారం మీద నడిపామనుకోండి. పని రెండు చిల్లర మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఐదు మిల్లీసెకన్ల కునుకు అడుగుతుంది, లేచేసరికి పదిహేను దాటుతుంది. 128 చుట్లు కాస్తా 64 అవుతాయి. ప్రాసెసర్‌కు చెమట కూడా పట్టదు. టాస్క్ మేనేజర్ తెర మీద చూస్తే దాదాపు ఏడింట ఒక వంతు పని, ఆరు వంతుల ఖాళీ. అది చూసిన యజమాని "సర్వర్ భేషుగ్గా ఉంది" అంటాడు. ఆఫీసులో అందరికన్నా ప్రశాంతంగా కనిపించేవాడు పని చేస్తున్నాడని ఎవరు చెప్పారు?

సగానికి సగం పోతే దొంగ దొరికినట్టే, ఎవడో ఒకడు పట్టుకుంటాడు. కొంచెం కొంచెంగా పోతేనే చిక్కు. టీమ్ ఫోర్ట్రెస్ 2 లాంటి ఆటల్లో టిక్కు 15 మిల్లీసెకన్లు. గడియారం కొట్టుకునేది 15.625కు ఒకసారి. తేడా అరమిల్లీసెకను పైచిలుకు, దాని ముఖం ఎవరు చూస్తారనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూడండి. 375 మిల్లీసెకన్లలో సర్వర్ 25 చుట్లు తిరగాలి, కానీ దానికి మెలకువ వచ్చేది 24 సార్లే. ఇరవై అయిదో చుట్టు ఎక్కడికి పోతుంది? ఏదో ఒక మెలకువలో రెండు చుట్లు ఒకేసారి తిరిగి బాకీ తీర్చుకోవాలి. అంటే సెకనుకు రెండు మూడు సార్లు ఆట ఒక అడుగు మింగి రెండు అడుగులు దూకుతుంది. ఆటగాడికి ఇది ఆగిపోయినట్టు కనిపించదు, బాగున్నట్టూ అనిపించదు. ఎక్కడ బాగాలేదో చెప్పలేడు, చెప్పలేని కోపమంతా ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ మీద చూపిస్తాడు. అక్కడి మనిషి రూటర్ ఆపి మళ్ళీ వేయమంటాడు. రూటర్ ఆగుతుంది, వెలుగుతుంది, 24 మాత్రం 25 కాదు.

ఈ జబ్బుకు పాత కాలపు సర్వర్ నిర్వాహకులు కనిపెట్టిన మందు చరిత్రకెక్కదగ్గది. కౌంటర్ స్ట్రైక్ సర్వర్ నడిపే కంప్యూటర్‌లో విండోస్ మీడియా ప్లేయర్ తెరిచి ఓ పక్కన పెట్టేవారు. అంతే, సర్వర్ చుట్ల వేగం అమాంతం పెరిగేది. పాటలకూ తుపాకులకూ సంబంధమేమిటని నవ్వినవాళ్ళు ఉన్నారు, నవ్వకుండా పాటించినవాళ్ళూ ఉన్నారు. సంబంధం ఉంది. పాట తడబడకుండా వినిపించాలంటే గడియారం నిక్కచ్చిగా ఉండాలి కాబట్టి, అలాంటి ప్రోగ్రాములు మిల్లీసెకనుకు ఒకసారి కొట్టుకోమని విండోస్‌ను అడుగుతాయి. ఆ రోజుల్లో ఒకడు అడిగితే కంప్యూటర్ మొత్తానికి అదే గడియారం. అడగడం తెలియని సర్వర్ అడగడం తెలిసినవాడి చలవతో బాగుపడేది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌ది ఇంకో అడుగు ముందుకేసిన తెలివి. అందులో ఒక పోగు (థ్రెడ్) ఉంది, దాని ఉద్యోగం నిద్రపోవడమే. 2,14,74,83,647 మిల్లీసెకన్లు, అంటే దాదాపు పాతిక రోజులు, పడుకుంటుంది, లేచి మళ్ళీ అంతసేపు పడుకుంటుంది. దానికి ఇన్ఫినిస్లీపర్ అని పేరు కూడా పెట్టారు. విండోస్ మీది జావాలో పదితో భాగించబడని నిద్ర ఎవడైనా అడిగితే, ఆ నిద్ర సాగినంతసేపూ గడియారం మిల్లీసెకనుకు మారుతుంది. ఆ పెద్ద అంకె చివర ఏడు ఉండటమే ఈ ఉద్యోగి అర్హత. ఒకడు కుంభకర్ణుడిలా పడుకుంటేనే మిగతా వాళ్ళు వేళకు లేస్తారన్నమాట. జీతం తీసుకుంటూ నిద్రపోయేవాణ్ణి సంస్థకు మూలస్తంభమని రుజువు చేసిన ఘనత కంప్యూటర్ శాస్త్రానికే దక్కింది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మనిషి కంటికి కనబడింది చేతికి చేరడానికే 200 మిల్లీసెకన్లు పడుతుంటే 15 మిల్లీసెకన్ల గురించి ఈ రాద్ధాంతం ఏమిటని. ఒంటరిగా ఆడుకునేవాడికైతే ఈ మాట సరిపోతుంది. ఇద్దరు తలపడేచోట మాత్రం తేలేది ఎవరు ఎంత నిదానం అన్నది కాదు, ఎవరు ముందు అన్నది. పరుగుపందెంలో పది సెకన్లు పరిగెత్తి వందో వంతు తేడాతో ఓడినవాడికి "పోనీలే, వందో వంతేగా" అని చెప్పి చూడండి. ఇద్దరి ఆలస్యాలూ సమానంగా ఉన్నప్పుడు మిగిలిన చిన్న తేడాయే తీర్పు చెబుతుంది, ఆ తీర్పు రాసే చేయి సర్వర్‌ది.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా తెలివైనది. దారిలో ఎలాగూ 40, 50 మిల్లీసెకన్లు పోతున్నాయి, అందులో ఈ 15 కలిస్తే ఏమైందని. ఆలస్యాల్లో రెండు జాతులున్నాయని మరిచిపోతేనే ఇలా అనిపిస్తుంది. నికరంగా ఉండే ఆలస్యం ఒకటి, తోచినప్పుడు వచ్చేది ఇంకొకటి. నికరమైనదాన్ని లెక్కగట్టి సర్దవచ్చు. వాల్వ్ సంస్థకు చెందిన యాన్ బెర్నియర్ 2001లో రాసిన పత్రం చెప్పేది ఇదే. ఆటగాడు మీట నొక్కిన క్షణానికి సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పుకుని, అప్పుడు ఎవరెక్కడ ఉన్నారో చూసి తీర్పు చెబుతుంది. గమ్హరియా దూరం ఇలా చాలావరకు మాఫీ అవుతుంది, ఎందుకంటే గమ్హరియా రోజుకో చోటికి కదలదు. సర్వర్ కునుకు అలా కాదు. ఇప్పుడు రెండు, మరోసారి పద్నాలుగు. ఎంత వెనక్కి తిప్పాలో తిప్పేవాడికే తెలియనప్పుడు మాఫీ చేసేది ఏముంది? కాబట్టి 50 నికరమైన మిల్లీసెకన్లకన్నా 15 తిక్క మిల్లీసెకన్లే ఎక్కువ చెరుపు చేస్తాయి.

సరే, అయితే గడియారాన్ని ఎప్పటికీ అరమిల్లీసెకనులోనే ఉంచేస్తే పోలేదా అనేవారు మూడో పక్షం. గడియారం కొట్టుకున్న ప్రతిసారీ ప్రాసెసర్ లేవాలి, లేచిన ప్రతిసారీ కరెంటు తినాలి. ఏ పనీ లేని వేళ కూడా గడియారాన్ని ఉరకలేయిస్తూ ల్యాప్‌టాప్ బ్యాటరీ తినేస్తోందని 2014లో క్రోమ్ బ్రౌజర్ మీద గోల లేచింది. విండోస్ 10కి 2020లో వచ్చిన, "2004" అనే పేరున్న సంచికతో మైక్రోసాఫ్ట్ పద్ధతే మార్చింది. ఎవడు అడిగితే వాడికే నిక్కచ్చి గడియారం, పక్కవాడి చలవ చెల్లదు. మీడియా ప్లేయర్ వైద్యం ఆ దెబ్బతో మూతపడింది. విండోస్ 11 ఇంకా కఠినం. కిటికీ (విండో) ఉన్న ప్రోగ్రాం తెరమీద కనబడకుండా, చెవికి వినబడకుండా పోతే దాని నిక్కచ్చికి హామీ లేదంది. సర్వర్ కిటికీని కిందికి దించి భోజనానికి వెళ్ళినవాడికి తిరిగొచ్చేసరికి వేరే సర్వర్ కనిపించినా ఆశ్చర్యం లేదు. లినక్స్ ఈ గొడవలోంచి ఎప్పుడో బయటపడింది. అక్కడా గడియారం సెకనుకు 100, తర్వాత 1000, 2005లో 250 అని ఊగిసలాడి, 2007 నాటి 2.6.21 కెర్నెల్‌తో అడిగిన క్షణానికి దగ్గరగా లేపే పద్ధతి వచ్చింది. ఇక చుట్టు పనే ఇరవై మిల్లీసెకన్లు తీసుకునే సర్వర్‌కు ఏ గడియారమూ మందు కాదని ఒప్పుకోవాలి. నిద్రే లేనివాడికి అలారం ఎందుకు?

అందుచేత సర్వర్ అద్దెకు తీసుకునేటప్పుడు గిగాహెర్ట్జ్‌లు ఎన్నని అడగడం సగం ప్రశ్నే. ఆ మిషను టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎంత ఊగుతోందని అడగాలి. పాత కౌంటర్ స్ట్రైక్‌లలో నెట్‌గ్రాఫ్ అనే అంకెల పట్టీ తెరిస్తే సర్వర్ వరసలో వార్ అనే అంకె కనిపించేది, అది చెప్పేది ఈ ఊగిసలాటనే. పింగ్ 60 ఉండి ఆ అంకె సున్నా దగ్గర నిలకడగా ఉన్న సర్వర్‌ను నేను నమ్ముతాను. పింగ్ 20 ఉండి ఆ అంకె గంతులేసే సర్వర్‌ను నమ్మను. ఈ అంకె చూశాక కుర్రాళ్ళకు రెండు లాభాలు. సర్వర్ తప్పైతే తిట్టాల్సినవాణ్ణే తిట్టవచ్చు. సర్వర్ తప్పు కాదని తేలితే మాత్రం ఇబ్బందే, ఎందుకంటే నెట్‌నూ, ఊరినీ, గడియారాన్నీ వదిలేశాక అనుమానించడానికి మిగిలేది ఆడినవాడొక్కడే.