ఐదు సెకన్లు

"ఈ ఖాతాలోంచి ఈ నెల వాయిదా తీసుకో" అని సర్వర్‌కు చెప్పే పైథాన్ క్లయింటు రాసే పని నాకు అప్పగించారు. మధ్యలో కనెక్షన్ చెడితే ఏం చేయాలన్నది ఒక్క ఎక్సెప్ట్‌తో తేల్చేశాను. 2012లో పైథాన్ 3.3 వచ్చినప్పటి నుంచీ సాకెట్ తప్పులన్నీ ఓఎస్‌ఎర్రర్ సంతానమే. దాన్ని పట్టుకుంటే రిఫ్యూజ్డ్, రీసెట్, టైమౌట్ మూడూ దొరుకుతాయి. ఏది దొరికినా మళ్ళీ పంపు, మొత్తం మూడుసార్ల దాకా.

టెస్టులో అసలు సర్వర్ బదులు మాక్ పెట్టాను. మొదటి రెండుసార్లు రిఫ్యూజ్డ్ అంటుంది, మూడోసారి సరే అంటుంది. పాసైంది.

మా సీనియర్ మేడమ్ కోడ్ చూసి అడిగారు.

"పని అయిపోయాక, జవాబు రాకముందే లైను తెగితే?"

"మళ్ళీ పంపుతుంది మేడమ్."

"అలా కాదు, ఒక్కో వాయిదాకు ఒక్కో నంబరు జతచేస్తే..." అంటున్నారావిడ. డెమోకు టైమైందని నేను లేచాను.

రిఫ్యూజ్డ్ అంటే అవతల ఆ పోర్టులో వినేవాళ్ళే లేరని. లినక్స్‌లో దాని నంబరు 111. మన మాట చేరనే లేదు కాబట్టి ఎన్నిసార్లు పంపినా నష్టం లేదు. టైమౌట్ అలాంటిది కాదు. సర్వర్ మాట విని, డబ్బు తీసి, ఆ సంగతి చెప్పేలోపు మనమే ఎదురుచూడటం మానేసి ఉండొచ్చు. 104 నంబరు రీసెట్‌దీ అదే ప్రమాదం. ఆ రెండూ నా టెస్టులో లేవు.

ఒకటో తారీఖున సర్వర్ మీద బరువు పడింది. నేను పెట్టిన గడువు 5 సెకన్లు. జవాబు రావడానికి ఏడెనిమిది పట్టింది.

ఆ సాయంత్రం ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు.

"యూరియా కొందామని బ్యాంకుకెళ్తే ఖాతాలో ఏమీ లేదంటున్నార్రా. వయసు మీదపడింది కదా, నేనే ఎక్కడో లెక్క తప్పుంటాను. ఓ మూడు వేలు పంపగలవా?"

"ఇకనుంచైనా కాయితం మీద రాసి పెట్టుకో నాన్నా" అన్నాను. పంపాను.

మర్నాడు పొద్దున, వాయిదా ఒకటికి మించి పడిన ఖాతాల జాబితా నా టేబుల్ మీదికొచ్చింది. ఐదో వరుసలో నాన్న పేరుంది. 1,850 రూపాయలు, మూడుసార్లు.