నామం నొక్కండి

భద్రాచలం బ్రిడ్జి సెంటర్లో బయల్దేరి చర్ల దాకా వెళ్ళండి, లేదా పాల్వంచ మీదుగా ఖమ్మం దాకా రండి. ప్రతి మండల కేంద్రంలోనూ ఆయన ఉంటాడు. జిరాక్సు కొట్టుకూ పంక్చరు షాపుకూ మధ్య ఇరికించిన గది. గదిలో సగం ప్లాటరు మిషను, మిగతా సగం వినైల్ చుట్టలు, రెంటికీ నడుమ మిగిలిన సందులో మాస్టారు. జన్మలో ఒక్క పాఠం చెప్పింది లేదు గానీ అందరికీ మాస్టారే. బోర్డు మీద పెద్దక్షరాలతో ‘రేడియం వర్క్స్’ అని ఉంటుంది. కింద నంబరు ప్లేట్లు, ఫ్లెక్సీలు, పెళ్ళిపత్రికలు, రబ్బరు స్టాంపులు అని రాసుకుంటూ పోయి, చోటు చాలక ‘లామినేషన్’లో చివరి రెండక్షరాలు గోడ మలుపు తిప్పేసి ఉంటాడు. ఏ అక్షరానికి ఎంత ఎడం ఉండాలో ఊరందరికీ చెప్పే మనిషి బోర్డు అది.

బండి మీద ‘ప్రెస్’ అని కావాలన్న కుర్రాణ్ణి ఏ పత్రిక అని అడగడు. “ఇస్త్రీ బండేమో, మనకెందుకు” అంటాడు. ‘పోలీస్’ అని అడిగితే మాత్రం చుట్టరికం ఆరా తీస్తాడు. అక్షరం సైజు దాన్నిబట్టే. కొడుక్కి మూడంగుళాలు, అల్లుడికి రెండున్నర, బామ్మర్దికి రెండు. అంతకన్నా దూరపు చుట్టమైతే ముందు చక్రం మడ్‌గార్డు మీద వేసుకోమని సలహా.

ఇదంతా పొట్టకూటి పని. ఆయన మనసు చేతిలో పట్టే మిషన్ల మీద ఉంటుంది. టీవీ రిమోటు, రేషను షాపులో వేలిముద్ర మిషను, మందు కొట్టే బ్యాటరీ పంపు మీద స్విచ్చి, కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ చూసే మాయిశ్చర్ మిషను. వాటి మీద అచ్చువేసిన గుర్తులు చెమటకీ దుమ్ముకీ కారం చేతులకీ ఏడాది తిరక్కుండా చెరిగిపోతాయి. మిరప యార్డులో తేజ రకం పట్టుకున్న చేతికి ఏ సిరా ఆగుతుంది? చెరిగిన రోజున ఊరికి ఇబ్బంది, మాస్టారికి పండగ. “ఇచ్చి వెళ్ళండి. కంపెనీవాడు వేసినట్టు కాదు, మనుషులకు అర్థమయ్యేటట్టు వేస్తా” అంటాడు. ఆ మాట వినగానే మిషను లాక్కుని పరుగెత్తినవాళ్ళు బాగుపడ్డారు.

కంపెనీవాడి గుర్తుల మీద ఆయనకు పాత కోపం. ఆన్ చేసే మీట మీద గుండ్రటి గీత, పైన కాస్త తెగి, ఆ తెగిన చోట నిలువు గీత ఒకటి ఉంటుంది కదా. ఒకటీ సున్నా కలిపితే వచ్చిన బొమ్మ అది. ఒకటి అంటే కరెంటు ఉన్నట్టు, సున్నా అంటే లేనట్టు. జెనీవాలో ఐఈసీ అనే సంస్థ యంత్రాల గుర్తులన్నిటికీ పెట్టిన పుస్తకంలో 1973 నాటికే దాన్ని ఎక్కించారు. మాస్టారు ఈ కథంతా అందరికీ చెబుతాడు. వినేవాళ్ళు తలూపుతారు. బయటికెళ్ళి, “ఆ నామం నొక్కితే వెలుగుతుందంట” అని ఒకరికొకరు చెప్పుకుంటారు. రాములవారి ఊళ్ళో గుండ్రటి గీతలో నిలువు గీత కనబడితే ఇంకేమనుకుంటారు చెప్పండి. ఒకసారి కొట్టు ముందు బెంచీ మీద దీని గురించి చర్చ కూడా అయింది. కింద పాదం లేదు గనుక అది వడగలై నామమని ఒక రిటైరైన పెద్దాయన తేల్చారు. తెంగలై వాళ్ళు బాధపడకుండా పాదం ఉన్న మీట ఒకటి గీసిస్తానని మాస్టారు అప్పటికప్పుడు కాగితం తీశాడు. జెనీవాకు ఈ సంగతి ఇంకా తెలియదు.

అలాంటి మాస్టారి చేతికి ఓ వడ్ల కొనుగోలు కేంద్రం మాయిశ్చర్ మిషను చిక్కింది.

ఈ మిషను సంగతి తెలియని పట్నం వాళ్ళకు ఒక మాట. గిన్నెడు గింజలు పోస్తే, వాటిలో తడినిబట్టి కరెంటు తీరు మారుతుంది, ఆ మార్పును మిషను శాతంగా చూపిస్తుంది. వడ్లకు 17 దాటకూడదు. మక్కలకు 14. పత్తికి 8 ఉంటే పూర్తి ధర, ఆపైన 12 దాకా కోత, 12 దాటితే బండి వెనక్కి. అయితే అన్ని గింజలకూ లెక్క ఒకటి కాదు. ఏ పంట పోశామో ముందు మిషనుకు చెప్పాలి. వడ్లు పోసి మక్కల మీట నొక్కితే వచ్చే అంకె వడ్లదీ కాదు, మక్కలదీ కాదు. ఆ అంకెతోనే రైతు మళ్ళీ పట్టా పరిచి నాలుగు రోజులు ఎండబెట్టుకోవాలా, లేక ఈ పూటే కాంటా పెట్టించుకోవాలా అన్నది తేలుతుంది. కాబట్టి అరంగుళం మీట మీద ఏముందన్నది చిన్న విషయమేమీ కాదు. ఈ మాట మాస్టారు కూడా అంటాడు. అందుకే ఆయన్ని పూర్తిగా తీసిపారేయలేం.

కేంద్రం నడిపే అక్క అడిగింది ఒక్కటే. “పాతవే మళ్ళీ కనబడేటట్టు చెయ్యి మాస్టారూ, సాయంత్రానికి కావాలి.” ఆయన వారం తీసుకున్నాడు.

ముందు తెలుగులో వేద్దామనుకున్నాడు. అరంగుళంలో ఇంగ్లీషు మాట సాఫీగా కూర్చుంటుంది. మనకు పైన గుడులు, కింద ఒత్తులు, లైనుకు మూడంతస్తులు. ‘మొక్కజొన్న’ పట్టక ‘మక్క’కు దిగాడు. ప్లాటరు కోశాక అక్షరాల చుట్టూ అక్కర్లేని వినైల్‌ను సూదితో పీకాలి. ఆ పీకుడులో కింద ఒత్తు ఊడి, మీట మీద ‘మక’ మిగిలింది. సరే, వినైల్ వద్దు, స్క్రీన్ ప్రింటింగ్ చేయిద్దామని ఫైలు విజయవాడ పంపాడు. ఆయన టైపు చేసింది అనూ ఫాంట్లలో. అవతల కంప్యూటర్లో ఆ ఫాంట్లు లేవు. ‘వడ్లు’ అన్నచోట నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ, ఒక డాలరు గుర్తూ తేలాయి. “కర్వ్స్ చేసి పంపలేదా?” అని వాళ్ళు ఫోను చేశారు. కర్వ్స్ అంటే ఫాంటు లేకున్నా చెడకుండా అక్షరాలను గీతలుగా మార్చడం. డీటీపీ లోకంలో ఇంతకు మించిన తిట్టు లేదు. మాస్టారు ఆ పూట అన్నం తినలేదని ఇంట్లోవాళ్ళు చెబుతారు.

కర్వ్స్ చేసి పంపాడు. ఈసారి ఇంకో పెద్ద పని తలకెత్తుకున్నాడు. మంచి మిషన్ల మీద గుర్తులు పైన కాదు, పారదర్శకమైన షీటుకు వెనకవైపు అచ్చువేస్తారు. వేలు షీటును రుద్దుతుంది గానీ సిరాను తాకదు, అందుకే ఏళ్ళ తరబడి ఉంటుంది. పద్ధతి గొప్పది. కాకపోతే వెనక వేసేటప్పుడు బొమ్మను తిప్పి వేయాలి. తిప్పడం మరిచాడు. అన్నీ ఉల్టా వచ్చాయి. అక్క మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, బయట నిలబెట్టిన బండి అద్దం ముందు పెట్టి చదివింది. మాస్టారు తొణకలేదు. “అంబులెన్సు మీద కూడా ఉల్టానే రాస్తారక్కా, అర్జెంటు పనులకు అదే రూలు.”

అక్కడితో అక్షరాల మీద విరక్తి పుట్టింది. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలంటే బొమ్మలే దిక్కన్నాడు. వరి కంకి గీశాడు. చూసినవాళ్ళు నెమలి ఈకన్నారు. మక్క కంకి గీశాడు. మిషను పట్టుకుని సరిహద్దు పల్లెకు వెళ్తుంటే చెక్‌పోస్టులో కానిస్టేబుల్ ఆ బొమ్మను చూసి, కాస్త వెనక్కి జరిగి, ఇదేమిటని మర్యాదగా అడిగాడు. మక్క కంకే అని రుజువు చేయడానికి ఇంటినుంచి నిజం కంకి తెప్పించాల్సి వచ్చింది. ఇక పత్తికాయ. అది అచ్చం మబ్బే. కల్లంలో వడ్లు ఆరబోసుకుని ఆకాశంకేసి చూస్తున్న రైతులు ఆ మీటను నొక్కి, “వాన ఎప్పుడొస్తదో చెబుతదంట” అని వరసకట్టారు. సున్నా చూపిస్తే సంతోషంగా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం వాన పడింది. తిట్లు మాస్టారికే.

ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన ఎన్నికల చరిత్ర తీస్తాడు. నిజమే, గుర్తుల విషయంలో మనది ప్రపంచానికి చెప్పదగిన కథ. 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. దేశమంతటా జరిగిన లేబుళ్ళ పని అది. ఎన్నికల కమిషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి 1992లో రిటైరైన ఎం.ఎస్. సేథీ పెన్సిలుతో గీసిన బొమ్మలు ఈనాటికీ బ్యాలెట్ల మీద ఉన్నాయి. ఓటింగ్ మిషను రూపకల్పనలో ఐఐటీ బొంబాయి డిజైన్ ఆచార్యుల చేయి ఉంది. తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదు ఈసీఐఎల్. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 నీలి మీటలు, పక్కన పేరు, గుర్తు. “చదువురాని ముసలమ్మ కూడా తప్పు లేకుండా నొక్కట్లేదా? అదీ బొమ్మ బలం” అంటాడు మాస్టారు.

ఇక్కడే ఆయన లెక్క తప్పుతుంది. సర్పంచి ఎన్నికల్లో పార్టీలుండవు. ఉంగరం, కత్తెర, క్రికెట్ బ్యాటు వంటి గుర్తులిస్తారు. కత్తెరకూ పంచాయతీకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. పది రోజులు ఆటోకు మైకు కట్టి, గడపగడపకూ తిరిగి, నమూనా బ్యాలెట్ చేతిలో పెట్టి, దండాలు పెట్టి చెబితే కత్తెరకు మనిషి ముఖం వచ్చింది. బొమ్మ తనంతట తాను ఏమీ చెప్పలేదు. ఆ నమూనా బ్యాలెట్లు కొట్టిందీ, ఆటోలకు స్టిక్కర్లు వేసిందీ మాస్టారే. అయినా ఆయనకు ఈ సంగతి తట్టదు.

అసలు భద్రాచలంలో బొమ్మే లేకుండా అందరికీ తెలిసిన లేబులు ఒకటుంది. గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బడికి పోని పిల్లవాడు కూడా ఈ మూడంకెలు చెబుతాడు. 1986లో 75.6 దాకా వచ్చిందనీ, 2022 జులైలో 71.3కు ఎగబాకిందనీ చెప్పడానికి ఎవరూ పుస్తకం తెరవరు. ఆ నీళ్ళే ఇంట్లోకొచ్చి నేర్పాయి మరి. మాస్టారు దానికి కూడా బొమ్మలు గీశాడు. మొదటి హెచ్చరికకు చెప్పులు చేత్తో పట్టుకున్న మనిషి, రెండోదానికి నెత్తిన మూట పెట్టుకున్న మనిషి, మూడోదానికి ఖాళీ. మనిషేడని అడిగితే, “వెళ్ళిపోయాడు” అన్నాడు. నాకైతే అది ఆయన మొత్తం పనిలో మంచి డిజైను. ఎవరూ తీసుకోలేదు.

మిషను సంగతికొస్తే, వారం తర్వాత మాస్టారు తన బొమ్మలు ఎట్లా పనిచేస్తున్నాయో చూడ్డానికి కేంద్రానికి వెళ్ళాడు. అక్క నిమిషానికో సంచి తేమ చూస్తోంది. కన్ను మిషను మీద లేదు, వేలు మాత్రం తప్పడం లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే నామం మీద ఎర్ర స్టిక్కరు బొట్టు, నెమలి ఈక మీద నల్ల బొట్టు. మబ్బు మీదా, కంకి మీదా ఏమీ లేవు, ఆ సీజన్లో వాటితో పనిలేదు. బొట్టు కాస్త ఉబ్బెత్తుగా ఉండటంతో కరెంటు పోయినా వేలికి తగులుతుంది. కీప్యాడు ఫోన్లలో 5 మీద ఉండే చిన్న బుడిపె చేసే పనీ అదే. మాస్టారి ముఖం మాడిపోయింది.

“ఇంత కష్టపడి గీస్తే బొమ్మల మీద బొట్లు అంటించావా అక్కా?”

అక్క తలెత్తకుండానే, “కొత్త మిషను కదా మాస్టారూ, బొట్టు పెట్టకుండా ఎట్లా వాడతాం?” అంది.

ఆయన చల్లబడ్డాడు. లోపల గర్వపడ్డాడు కూడా. పక్కన వంతు కోసం కూర్చున్న ఒక కోయ పెద్దాయన తన బస్తాలోంచి రెండు గింజలు తీసి పంటికింద వేసుకున్నాడు. పటుక్కుమంది. “పదహారుంటది, రాసుకో బిడ్డా” అన్నాడు. మిషను 16.2 చూపించింది. మాస్టారు ఆయన పళ్ళకేసి చూసిన చూపునుబట్టి, వాటికి కూడా లేబులు వేసే ఆలోచన వచ్చిందని నాకు అనుమానం.

ఇంత చెప్పాక ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. మనిషి చేయి మంచిది. సబ్బునీళ్ళు చిలకరించి, పాత ఏటీఎం కార్డుతో మధ్యనుంచి అంచులకు గీకుతూ స్టిక్కరు వేస్తే ఒక్క గాలిబుడగ మిగలదు. మూడు వానాకాలాలు దాటినా అంచు లేవదు. రేటు కూడా పట్నంలో సగం. పేదవాడి చార్జింగు లైటుకైతే డబ్బు పుచ్చుకోడు. మీ రిమోటు అంకెలు చెరిగిపోయినా, కాంటా మీటలు అరిగిపోయినా ఖమ్మం మీదుగా హైదరాబాదు మోయకండి, దగ్గర్లో ఉన్న మాస్టారికే ఇవ్వండి. పాతవి ఎట్లా ఉన్నాయో అట్లాగే వేయమని గట్టిగా చెప్పండి, వేసేదాకా పక్కనే నిలబడండి. “మీకేం తోస్తే అది చెయ్యండి మాస్టారూ” అని మాత్రం మర్యాదకైనా అనకండి.